రంగు కంటే ముక్కు ముందు: పెంపుడు పిట్టలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చూపుకు ఒకేలా కనిపించే పెంపుడు పిట్టల విషయంలో సందేహాలుంటే రాయమని గత సంచికలో కోరాను. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఒకే గోడు వెళ్ళబోసుకున్నాయి: అంగట్లో చెప్పిన పేరు ఒకటి, ఇంటికి వచ్చిన పిట్ట మరొకటి. వాటిలో ఏడింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజుకు నెల్లూరులో లవ్ బర్డ్స్ జత కొన్నాము. ఒకటి నీలం, ఒకటి పసుపు. పండక్కి వచ్చిన మా ఆడపడుచు వాటిని చూసి, ఇవి లవ్ బర్డ్సే కావని, పొట్టి తోక, గులాబీ రంగు ముఖం ఉన్న తమ ఇంటి పిట్టలే అసలైనవని అన్నది. ఎవరి మాట నిజం? మా వాటిలో మగది ఏది?
– ఒక పాఠకురాలు, బుచ్చిరెడ్డిపాలెం

జవాబు: మీ ఆడపడుచు చెప్పినదే నిజం. అలాగని అంగడివాడు మిమ్మల్ని మోసగించాడని అనలేను. పంజరంలో రంగురంగుల చిన్న చిలకలు కనిపిస్తే వాటిని లవ్ బర్డ్స్ అనడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. అమ్మేవాడూ అదే అంటాడు, కొనేవాడూ అదే అడుగుతాడు. మీ ఇంట్లో ఉన్నవి బడ్జరిగార్లు, వాడుకలో బడ్జీలు. ఇవి ఆస్ట్రేలియాలోని మెట్ట మైదానాల పిట్టలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రవేత్త వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకు చేర్చిన తరువాత ప్రపంచమంతటా పంజరాల్లోకి వచ్చాయి. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి. వాటిలో తొమ్మిది జాతులున్నాయి. ఎనిమిది ఆఫ్రికా ఖండానివి, ఒకటి మడగాస్కర్ ద్వీపానిది.

ఈ రెంటినీ వేరు చేయడానికి రంగును నమ్ముకోకండి. అడవిలోని బడ్జీ ఒళ్ళు ఆకుపచ్చగానే ఉంటుంది. నీలం, తెలుపు, నిండు పసుపు అన్నీ మనుషులు తరతరాలుగా ఏరి జత కట్టించి నిలబెట్టిన రంగులు. లవ్ బర్డ్స్ విషయంలోనూ ఇదే జరిగింది కాబట్టి, నీలం బడ్జీ, నీలం లవ్ బర్డ్ ఒకే అంగట్లో పక్కపక్కన కనిపించడంలో వింత లేదు. తోక చూడండి. బడ్జీ తోక సన్నగా సాగి, మొత్తం పొడవులో దాదాపు సగం ఉంటుంది. లవ్ బర్డ్ తోక కత్తెర వేసినట్టు పొట్టిగా, అంచు గుండ్రంగా ఉంటుంది. తరువాత ముక్కు చూడండి. బడ్జీ ముక్కు చిన్నది, చెంపల ఈకల్లోకి సగం దాక్కుని ఉంటుంది. లవ్ బర్డ్‌ది ముఖం మీంచి బయటికి పొడుచుకువచ్చిన కొక్కెం లాంటి ముక్కు, దాని బలం తెలియాలంటే ఒక్కసారి వేలు అందిస్తే చాలు. మామూలు బడ్జీకి మెడ వెనుక, వీపు మీద సన్నని నల్లచారలు, గొంతు కింద నల్లచుక్కలు కూడా ఉంటాయి. లవ్ బర్డ్‌కు ఆ చారలు ఉండవు.

ఇక మగది, ఆడది. బడ్జీ ముక్కు మొదట్లో, ఊపిరి రంధ్రాల చుట్టూ, మైనం పూసినట్టు ఒక కండపట్టీ ఉంటుంది. పెంపకందారులు దాన్ని సీర్ అంటారు. ఎదిగిన మగదానికి అది నిండు నీలం. ఆడదానికి తెలుపు కలిసిన లేత గోధుమ రంగులో ఉండి, గుడ్ల కాలం వచ్చేసరికి ముదురు గోధుమ రంగుకు తిరిగి గరుకుబారుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు: పట్టీ లేత నీలంగా ఉండి, రంధ్రాల చుట్టూ తెల్లని వలయాలు కనిపిస్తే, ఆ నీలాన్ని చూసి మగదనుకుంటారు, కానీ అది ఆడది. మీ పసుపు పిట్టకు ఎర్రని కళ్ళు ఉంటే అది లుటినో రకం. ఆ రకంలో మగదానికి ఎంత వయసు వచ్చినా పట్టీ నీలానికి తిరగదు, గులాబీ, ఊదా కలిసిన రంగులోనే ఉండిపోతుంది. తెల్లని ఆల్బినోలకూ ఇదే వర్తిస్తుంది. నుదుటి చారలు ముక్కు దాకా దిగి ఉంటే మాత్రం అవి ఇంకా మూడు, నాలుగు నెలలు నిండని పిల్లలు. మొదటిసారి ఈకలు రాల్చుకునే వరకు ఆగి చూడండి.

అన్నట్టు, మీ ఆడపడుచు పిట్టలను, మీ పిట్టలను ముచ్చటపడి ఒకే పంజరంలో వేయకండి. లవ్ బర్డ్ కొరికితే బడ్జీ కాలివేళ్ళు మిగలవు.

ప్రశ్న: నా దగ్గర రెండు లవ్ బర్డ్స్ ఉన్నాయి. రెంటికీ ఆకుపచ్చ ఒళ్ళు, నారింజ రంగు కలిసిన ముఖం. ఒకదాని కంటి చుట్టూ తెల్లని వలయం ఉంది, రెండోదానికి లేదు. ఇవి ఒకే జాతివా? జత కట్టించవచ్చా? వీటిలో ఒకదాన్ని ప్రభుత్వం వద్ద నమోదు చేయించాలని మిత్రుడొకరు భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ఒకే జాతివి కావు. వలయం లేనిది పీచ్‌ఫేస్, అంటే గులాబీ ముఖపు లవ్ బర్డ్. నైరుతి ఆఫ్రికాలోని మెట్ట ప్రాంతాలు దాని పుట్టిల్లు. వలయం ఉన్నది మీరు చెప్పిన రంగులను బట్టి ఫిషర్స్ లవ్ బర్డ్ అయి ఉంటుంది. అది టాంజానియా పిట్ట, గుస్తావ్ ఫిషర్ అనే జర్మన్ యాత్రికుడి పేరు దానికి పెట్టారు. మరోసారి ముక్కులు పోల్చి చూడండి. పీచ్‌ఫేస్ ముక్కు దంతపు రంగులో పాలిపోయి ఉంటుంది, ఫిషర్స్ ముక్కు పగడం లాగా ఎర్రగా ఉంటుంది. పీచ్‌ఫేస్ రెక్కలు విప్పినప్పుడు నడుము మీద మెరిసే నీలం బయటపడుతుంది. తల మొత్తం నల్లగా ఉండి, కంటి చుట్టూ తెల్లని వలయం, మెడకు పసుపు పట్టీ ఉంటే అది మాస్క్‌డ్ అనే మూడో జాతి.

ఈకలకంటే గట్టి సాక్ష్యం గూడు కట్టే తీరులో దొరుకుతుంది. పచ్చి తాటాకు గాని కాగితం గాని పంజరంలో పెట్టి చూడండి. పీచ్‌ఫేస్ ఆడపిట్ట దాన్ని అంచు వెంట కొరుకుతూ, టైలరు గుడ్డ కత్తిరించినట్టు సన్నని పొడవాటి పేలికలు తీసి, ఒక్కొక్కదాన్నీ నడుము ఈకల్లో దోపుకుని, నాలుగైదు పేలికలు వెనుక వేలాడుతుండగా గూటికి ఎగురుతుంది. ఫిషర్స్ పేలికను ముక్కున కరచుకుని పోతుంది.

జత కట్టించవద్దు. ఈ మాట అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ళ కిందట చెన్నైలో ఒక అంగట్లో సరిగ్గా ఇలాంటి జతనే, ఒకే జాతి అన్న మాట నమ్మి కొన్నాను. రెండు పిల్లలు అయ్యాయి, చక్కగా పెరిగాయి. వాటిలో ఆడది ఎదిగి గూడు కట్టే వయసుకు వచ్చినప్పుడు దాని పాట్లు చూసి మొదట నవ్వాను, తరువాత జాలిపడ్డాను: పేలిక తీసేది, నడుము ఈకల్లో దోపబోయేది, సగం దోపి ముక్కు వదలకుండా లాగేసేది, లేదా దోపినది జారి కింద పడేది, మళ్ళీ మొదటికి వచ్చేది. తల్లి పద్ధతి, తండ్రి పద్ధతి రెండూ దాని తలలో కలగాపులగం అయ్యాయి. ఇదే విషయాన్ని 1960ల మొదట్లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విలియం డిల్గర్ ఇవే రెండు జాతుల సంకర సంతానంతో పరిశీలించి చూపాడు. ఆ పిట్టలు ఈకల్లో దోపుకోవడం మానుకుని ముక్కున కరచుకుపోవడానికి అలవాటు పడేందుకు ఏళ్ళు పట్టింది. నా ఇంటి ఆడపిట్ట పెట్టిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. ఇలాంటి సంకర పిట్టలు సాధారణంగా గొడ్డువే అవుతాయి.

మీ మిత్రుడు చెప్పినదాంట్లో నిజం ఉంది. జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం చిలకల కుటుంబం మొత్తాన్ని జాబితాల్లో చేర్చి, నాలుగింటిని మాత్రమే వదిలిపెట్టింది: బడ్జీ, కాకటీల్, మన రామచిలుక, పీచ్‌ఫేస్ లవ్ బర్డ్. ఫిషర్స్ ఆ మినహాయింపులో లేదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో జరిగిన సవరణ సైటిస్ జాబితాలోని జీవులను నాలుగో షెడ్యూల్లోకి తెచ్చింది. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వాటిని పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో వివరాలు నమోదు చేయాలి. అంటే ఒకే పంజరంలోని మీ రెండు పిట్టల్లో ఒకదానికి కాగితం కావాలి, మరొకదానికి అక్కర లేదు. ఆ తేడా తేల్చేది కంటి చుట్టూ ఉన్న తెల్లని వలయమే.

ప్రశ్న: పీచ్‌ఫేస్ జత ఒకటి మా ఇంట్లో రెండేళ్ళుగా ఉంది. ఒకదానికొకటి మేత అందించుకుంటాయి, ఒరుసుకుని కూర్చుంటాయి. ఈసారి గూడు పెట్టెలో తొమ్మిది గుడ్లు పెట్టినా ఒక్క పిల్లా రాలేదు. మగదానిలో లోపమా?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: మగదే లేదేమో చూడండి. ఒక ఆడ లవ్ బర్డ్ సాధారణంగా నాలుగు నుంచి ఆరు గుడ్లు పెడుతుంది. తొమ్మిది, పది గుడ్లు ఒకే పెట్టెలో కనిపించి, అన్నీ పిల్ల కట్టకుండా తేలిపోయాయంటే రెండూ ఆడవే అయి, రెండూ పెట్టి ఉండవచ్చు. మేత అందించుకోవడం, ఒరుసుకోవడం రెండు ఆడపిట్టల మధ్య కూడా జరుగుతాయి కాబట్టి అది రుజువు కాదు. ఈ జాతిలో ఆడదానికీ మగదానికీ పైకి తేడా లేదు. నడుము ఎముకల మధ్య ఎడం వేలితో తడిమి చెప్పేవారు ఉన్నారు గాని, నేను ఆ లెక్కను నమ్మి రెండుసార్లు తప్పాను. రెండూ పేలికలను నడుములో దోపుకుంటున్నాయా అని గమనించండి, అది కొంత నయమైన గుర్తు. ఖాయంగా తెలియాలంటే డీఎన్ఏ పరీక్ష చేయించాలి. దానికి రొమ్ము నుంచి అప్పుడే తీసిన, వేరు చెడని ఈకలు కావాలి. పంజరం అడుగున రాలిపడినవి పనికిరావు. తేలిన గుడ్లను వెంటనే తీసివేయకండి, తీస్తే మళ్ళీ పెట్టి నీరసిస్తాయి. పొదుగుడు కాలం ఇరవైమూడు రోజులు దాటి అవే విసిగి వదిలేసే వరకు ఉంచండి.

ప్రశ్న: మా అమ్మాయి పురుటికి హైదరాబాదు వెళ్ళి నాలుగు నెలలు ఉండవలసివచ్చి, మా కాక్‌టెయిల్ పిట్టను పక్కింటివారికి అప్పగించాము. రెక్కల నిండా ముత్యాలు చల్లినట్టు తెల్లచుక్కలు ఉండేవి. తిరిగి వచ్చి చూస్తే చుక్కలు లేవు, మామూలు బూడిద రంగు పిట్ట ఉంది. మార్చేశారని మావారు అంటున్నారు, అడగడానికి నాకు నోరు రావడం లేదు.
– ఒక పాఠకురాలు, కందుకూరు

జవాబు: అడగకండి, అమ్మా. మీ పిట్ట మీదే. అది కాకటీల్ జాతిలో పెర్ల్ అనే రకం, అందులోనూ మగది. పెర్ల్ రకం పిల్లలు మగవైనా ఆడవైనా చుక్కలతోనే పెరుగుతాయి. ఆరు నెలలు దాటాక మొదటిసారి ఈకలు రాల్చినప్పుడు మగది ఆ చుక్కలు పోగొట్టుకుని బూడిద రంగుకు తిరుగుతుంది. ఆడది మాత్రం జీవితాంతం నిలుపుకుంటుంది. ముఖం ఇప్పుడు మునుపటికంటే పచ్చగా, చెంప మీది నారింజ మచ్చ మరింత ఎర్రగా కనిపిస్తోందా? ఈలలు పెరిగాయా? అయితే సందేహమే లేదు. రెక్క మెల్లగా విప్పి చూస్తే ఎక్కడో ఒకటి, రెండు పాత చుక్కల ఈకలు ఇంకా మిగిలి ఉండవచ్చు, మీవారికి అవి చూపండి. పక్కింటివారు నాలుగు నెలలు మేత, నీళ్ళు చూసుకున్నందుకు ఏదైనా పంపడం మరచిపోకండి.

ప్రశ్న: రొట్టెల పండుగ నాడు స్వర్ణాల చెరువుకు పోయే దారిలో ఒకతను బుట్టలో పిచ్చుకకంటే చిన్న ఆకుపచ్చ పిట్టలు అమ్ముతున్నాడు. ఫారిన్ ఫించ్‌లు అన్నాడు. రెండు కొన్నాను. స్నానం చేయించిన తొట్టి నీళ్ళు పచ్చబడ్డాయి.
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: సంతలో గులాబీ, పచ్చ రంగులద్దిన కోడిపిల్లలను చూసే ఉంటారు, ఇదీ అదే పని. అవి మన పొలాల్లో గడ్డిగింజలు తినే మునియాలు. తెలుగులో జీనువాయి అంటారు. మామూలు గోధుమ రంగు పిట్టకు రంగు పూసి విదేశీ పేరు పెడితే ధర పెరుగుతుంది. తడి దూదితో వీపు తుడిచి చూడండి, రంగు దూదికి అంటుతుంది. పూసిన రంగు కాళ్ళకు, ముక్కు అంచులకు కూడా అంటి ఉంటుంది. పుట్టుకతో వచ్చిన రంగు అలా గీత దాటదు. నిజంగానే ఆకుపచ్చగా ఉండే మునియా ఒకటి మధ్య భారతంలో ఉంది: ఎర్రని ముక్కు, పసుపు పొట్ట, పక్కలకు నలుపు తెలుపు చారలు. అది అరుదైన పిట్ట. రంగు పూసినవైనా, పూయనివైనా మన దేశపు అడవిపిట్టలను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. మీ దగ్గర ఉన్నవాటిని అటవీశాఖ వారికి అప్పగించడమే దారి. రంగు పోయే వరకు, ఎగిరే బలం వచ్చే వరకు మీరుగా బయటికి వదలకండి, కాకుల పాలవుతాయి.

చట్టం అడ్డు రాని పిట్టలే కావాలంటే బెంగాలీస్ ఫించ్‌లు ఉన్నాయి. ఇవి తెల్ల నడుము మునియా నుంచి మనుషులు పెంచి తీసిన పెంపుడు రకం, జపానులో రూపుదిద్దుకున్నది. అడవిలో ఎక్కడా ఉండదు. అడవి మునియాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. బెంగాలీస్ ఫించ్‌కు మాత్రం చాక్లెట్ రంగు మచ్చలు, తెల్ల మచ్చలు ఏ పిట్టకు ఆ పిట్టకు వేరుగా, చిందరవందరగా పడి ఉంటాయి. పూర్తిగా తెల్లగా ఉన్నప్పుడు జీబ్రా ఫించ్‌తో పొరపడకుండా, మళ్ళీ ముక్కు చూడండి: జీబ్రాది ఎరుపు లేదా నారింజ, బెంగాలీస్‌ది పాలిపోయిన రంగు.

ప్రశ్న: నీలం రంగు చిలక పిల్లను "ఫారిన్ రింగ్‌నెక్" అని అమ్ముతున్నారు. ఇది మన రామచిలుకేనా? మెడకు గీత లేదు.
– ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మన రామచిలుకే. రంగు మారినంత మాత్రాన జాతి మారదు. మెడ గీత మగదానికే వస్తుంది, అది కూడా మూడేళ్ళ వయసుకు. ఆడవాటికి, పిల్లలకు ఉండదు. ఆకుపచ్చ పిల్లలను "పహాడీ" అని ఎక్కువ ధరకు అమ్మేవారూ ఉన్నారు. పెద్ద జాతి అయిన ఆ చిలకకు భుజం మీద ముదురు ఎరుపు మచ్చ, బరువైన ముక్కు ఉంటాయి. చిలక జోస్యం చెప్పేవారి పంజరంలో కనిపించేది రామచిలుకే. రామచిలుకైనా, పహాడీ అయినా, మీ వైపు నల్లమల అంచుల్లో తిరిగే ఊదా తల చిలుకైనా మన దేశపు అడవిపిట్టలే కాబట్టి, సైటిస్ మినహాయింపుతో నిమిత్తం లేకుండా, పెంచడానికి చట్టం ఒప్పుకోదు. కొనకండి.

ప్రశ్న: మా మిరప చేలో ఎగరలేని గువ్వ ఒకటి దొరికింది. లేత గోధుమ రంగు, మెడ వెనుక నల్లని అరచంద్రం. మనిషిని చూసి బెదరడం లేదు. ఎవరైనా పెంచుకున్నదా, అడవిదా?
– ఒక రైతు, పొదిలి

జవాబు: మీ చేల గట్లమీద రోజూ కనిపించే పెద్ద బెళ్ళగువ్వకూ, పంజరాల్లో పెంచే బార్బరీ గువ్వకూ మెడ మీద అదే నల్లని గీత ఉంటుంది, రెండోది ఆఫ్రికా గువ్వ నుంచి వచ్చిన పెంపుడు రకం. బెదరకపోవడాన్ని గుర్తుగా తీసుకోవద్దు, దెబ్బ తగిలిన అడవి గువ్వ కూడా కదలకుండా ఉంటుంది. తోక కింద, కాళ్ళ వెనుక భాగం చూడండి: అక్కడ బూడిద రంగు ఉంటే అడవిది, తెలుపు ఉంటే పెంపుడుది. రెక్క కొసల్లోని పెద్ద ఈకలు అడవిదానికి బాగా నల్లబారి ఉంటాయి, పెంపుడుదానికి ఒంటి రంగుకు దగ్గరగానే ఉంటాయి. కోలుకుని కూసిందంటే చూడనక్కర కూడా లేదు. అడవి గువ్వ కూత మూడు ముక్కలు, మధ్యది సాగుతుంది. పెంపుడు గువ్వ రెండు ముక్కల్లో, చివర గుండ్రంగా దొర్లించినట్టు కూస్తుంది, దిగి వాలినప్పుడు మనిషి నవ్వినట్టు శబ్దం చేస్తుంది. అడవిదైతే గాయం మానగానే దొరికిన చోటే వదిలిపెట్టండి. పెంపుడుదైతే చుట్టుపక్కల పెంచేవారిని విచారించండి. అది బయట మేత వెతుక్కోలేదు.

సింగరాయకొండ పాఠకుడికి: మీరు పంపిన ఫొటోలో పిట్ట వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ముఖం పక్కనుంచి ఒకటి, తోక కింది భాగం కనిపించేలా మరొకటి పగటి వెలుతురులో తీసి పంపండి, వచ్చే సంచికలో చెబుతాను.